నూనె వద్దన్న సిపాయి

భయం లేక కాదమ్మా, భయమని నోటితో అనడం చేతకాని మనిషి మీ తాత బాలశౌరి. ఆయన్ని ఈ మరియాపురం గుడివీధిలో అందరూ మిలట్రీ ఆయన అని పిలిచేవాళ్ళు. పటాలం నుంచి వచ్చేసినాక కూడా అట్టాగే ఉండేవాడు. ఉరుముకి పిల్లలు ఉలిక్కిపడితే, సిపాయి బిడ్డలకి భయమేందిరా అని వసారాలో నిలబెట్టేవాడు. మీ నాన్న ఏడుపు మింగుకుని నిలబడేవాడు. చెడ్డవాడు కాదు. చేపముక్కలో ముల్లు తీసి నా పళ్ళెంలో వేసేవాడు.

ఊళ్ళో ఎవరికి జబ్బు ముదిరినా ఫాదర్ గారిని పిలుచుకొచ్చేది ఈయనే. ఫాదర్ గారు నూనె రాసి ప్రార్థన చేస్తారు కదా, అదంటే మనోళ్ళకి హడలు. నూనె పడిందంటే ఇంక పోయినట్టేనని. అట్టా వణికేవాళ్ళని చూసి ఈయన నవ్వేవాడు. అది దేవుడిచ్చే బలం, చావుచీటీ కాదు అనేవాడు.

మొన్న ఎండాకాలం ఆ వంతు ఈయనకే వచ్చింది. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టరు అన్నాడు. నేను ఫాదర్ గారికి కబురు పెట్టాను. ఈయన ఏం చేశాడనుకున్నావు? ఇస్త్రీ చొక్కా తొడిగించుకున్నాడు. మెడదాకా బొత్తాలు పెట్టించుకుని, పతకం తగిలించుకుని, కుర్చీలో కర్రలాగా కూర్చున్నాడు.

"నాకేమైంది స్వామీ? ఆ పక్కింటి ఇన్నాసమ్మ మూలుగుతా ఉంది, ఆమెకి రాయండి" అన్నాడు.

ఫాదర్ గారు నవ్వి, మళ్ళీ వస్తాలే అన్నారు. అడివి అంచున ఏదో పల్లెలో తిరునాళ్ళ పూజ ఉందని వెళ్ళిపోయారు. గేటు పడిందో లేదో, ఈయన కుర్చీలోంచి జారిపోయాడు. చొక్కా అంతా చెమట.

మంచం మీద పడుకోబెట్టాం. పొద్దుగూకే వేళ గుమ్మం వంకే చూస్తా ఉన్నాడు. అక్కడ ఎవరూ లేరు.

"తలుపు మూయి లూర్దూ, వాడొస్తాడు" అన్నాడు.

ఎవరండీ అని అడిగాను. అప్పుడు చెప్పాడు. సింహాచలమని శ్రీకాకుళం జవానంట. సరిహద్దులో ఇద్దరూ ఒకే గుంటలో ఉన్నారంట. వాడికి గుండు తగిలింది. అన్నా, భయమేస్తంది, చెయ్యి పట్టుకో అని అడిగాడంట. సిపాయికి భయమేందిరా అన్నాడంట ఈయన. చెయ్యి ఇవ్వలేదంట. వాడు అడుగుతా అడుగుతానే పోయాడంట.

"పట్టుకుంటే నా చెయ్యి వణకడం వాడికి తెలిసిపోద్దని ఇవ్వలేదు లూర్దూ. ఫాదర్ గారిని పిలువు, ఈ మాట ఆయనకి చెప్పుకోవాలి. నాకు భయంగా ఉంది."

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట వినడం అదే. మీ నాన్న బండేసుకుని ఆ పల్లెకి పరిగెత్తాడు. దూరం కదా. వీధిలో ఏ చప్పుడైనా ఈయన తలెత్తి, వచ్చారా అని అడిగేవాడు. వస్తన్నారు అనేదాన్ని. పాపం క్షమించే అధికారం ఫాదర్ గారిదే గానీ నాకెక్కడిది? చెయ్యి పట్టుకున్నా. వణుకుతా ఉంది.

"నాదీ వణుకుతా ఉంది, చూడండి" అన్నా.

అప్పుడు గట్టిగా పట్టుకున్నాడు. ఇంక గుమ్మం వంక చూడలేదు. కానీ ఫాదర్ గారి కోసం మాత్రం అడుగుతానే ఉన్నాడు.

నీ పిల్లలకి ఇది చెప్పమ్మా. దాచుకున్న భయం తగ్గదు, సాయం వచ్చే తలుపునే మూసేస్తది. భయమేస్తే వేళ ఉండగానే చెప్పుకోవాలి. ఎవరైనా చెప్పుకుంటే, మన చెయ్యి వణుకుతున్నా సరే, ఇవ్వాలి.

ఫాదర్ గారు నూనె సీసాతో వచ్చారు. తెల్లారింది అప్పటికి. మీ తాత లేడు.