నీళ్లోసుకున్న గవరమ్మ

ఏదైనా అడిగితే రాజ్యమ్మగారు వెంటనే జవాబు చెప్పరు. కుర్చీ చూపిస్తారు. ముప్పై ఆరేళ్లు నర్సుగా చేసి, ఇప్పుడు ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇస్తున్నారు. ఒక డాక్టరు పోయి పోయి నర్సును గురువుగా ఎంచుకోవడమేమిటని ఆ మండలంలో కొందరు ముక్కున వేలేసుకున్నారు. వాళ్లలో చాలామంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్లే.

ఆ డాక్టరు స్నిగ్ధ. పట్నంలో పుట్టి పెరిగిన పిల్ల. పన్నెండు ఊళ్లకు కొత్త కార్యకర్తల్ని ఎంపిక చేసే పని ఆమె మీద పడింది. అన్ని రకాల మనుషులూ ఉండాలని పైనుంచి ఉత్తర్వు. ఇంటర్ తప్పనిసరి అని కమిటీ. కమిటీలో ఉన్న ఐదుగురూ మగవాళ్లు. ఎన్నడూ కన్నవాళ్లు కారు గనుక కాన్పుల విషయంలో వాళ్లకు సందేహాలు లేవు.

స్నిగ్ధ పేర్లను చదువు వరసలో రాసి, ఇంటర్ కింద ఎర్ర గీత గీసి, ఆరోగ్య కేంద్రంలో రాజ్యమ్మగారి ముందు పెట్టింది.

"అమ్మా, గీత ఇంకా కిందికి జరిపితే పని నాణ్యత తగ్గదా? అసలు ఎక్కడ గీయాలి?"

రాజ్యమ్మగారు కుర్చీ చూపించారు. "ఓపీ టైమయింది. నువ్వే చూడు. నేను వింటాను."

మొదట గవరమ్మ అనే కొత్త కోడలు అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. మూడు వారాలుగా దగ్గు, జ్వరం. ఎక్స్‌రే తీయించాలి. తీయించే ముందు అడగవలసిన ప్రశ్న స్నిగ్ధ మరిచిపోలేదు.

"నెలసరి ఎప్పుడైంది?"

ఎదుటి బల్ల మీద తమ వంతు కోసం మగవాళ్లు కూర్చుని ఉన్నారు. గవరమ్మ తల వంచుకుని గొణిగింది. "నీళ్లోసుకున్నానమ్మా."

నెలసరి అయిపోయి తలస్నానం చేసిందన్నమాట అనుకుంది స్నిగ్ధ. ఓపీ రిజిస్టర్లో 'స్నానం అయింది' అని రాసి, ఎక్స్‌రేకి చీటీ రాసి సంతకం పెట్టి ఇచ్చింది.

"జ్వరం తగ్గేదాకా మళ్లీ పోసుకోకు."

అత్త బుగ్గలు నొక్కుకుంది. "మళ్లీ ఏటి పోసుకుంటాదమ్మా? రెణ్ణెల్ల కితమేగా పోసుకుంది!"

"రెండు నెలల నుంచీ స్నానమే లేదా!"

గది తుడుస్తున్న ఆయా నూకాలమ్మ తడిగుడ్డ బకెట్లో పడేసి, గవరమ్మ చేతిలోంచి చీటీ లాక్కుంది.

"ఓలమ్మో, డాక్టరమ్మా! నీళ్లోసుకోడమంటే తానం కాదు. ఆ పిల్ల కడుపుతో ఉంది!"

మగవాళ్లు గోడకేసి చూశారు. గవరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. స్నిగ్ధ ముఖం పాలిపోయింది. తరవాత ఆమెకూ నవ్వొచ్చింది. ఎక్స్‌రే చీటీ చింపేసి, కళ్లె పరీక్షకు రాసింది. కడుపులో బిడ్డకు ఏ ముప్పూ లేకుండా చూస్తానని అత్తకు మాటిచ్చింది. వాళ్లు వెళ్లాక నూకాలమ్మ బకెట్టు అందుకోబోతూ అంది.

"రేపట్నించి నేను మీ పక్కన కూకుంటాను డాక్టరమ్మా. గది మీరు తుడిచేద్దురు."

"ఇదివరకు ఎప్పుడూ అడగలేదేం?"

"కార్యకర్త పనికి కాయితం పెట్టాను కదా. ఎనిమిదో తరగతి చాలదన్నారు."

స్నిగ్ధ జాబితా తిప్పింది. ఎర్ర గీతకు మూడు పేర్ల దిగువన నూకాలమ్మ ఉంది.

"ఈమెకు రిజిస్టర్లు రాయడం రాదు కదమ్మా?" అంది.

"రాయడం నేను నేర్పుతాను," అన్నారు రాజ్యమ్మగారు.

స్నిగ్ధ లేచి, మూలనున్న స్టూలు తెచ్చి తన కుర్చీ పక్కన వేసింది. నూకాలమ్మ చేతులు చీరకు తుడుచుకుని కూర్చుంది. బయట రెండో పేరు పిలిచారు.

"మరి గీత సంగతి చెప్పనే లేదు?" అంది స్నిగ్ధ.

రాజ్యమ్మగారు గవరమ్మ పేరు రాసిన ఓపీ రిజిస్టరును ఆమె ముందుకు జరిపారు.

"ముందు ఆ 'స్నానం' మీద గీయి."