రెండువేల అయిదువందల ఇరవై ఒకటో ప్రాణం

...అయ్యో, ఇంకా మేలుకునే ఉన్నావా అమ్ములూ? ఏమనుకోకమ్మా, కథ చెప్తా చెప్తా అని ఇంతసేపు చేశాను. పాలు తోడేసి వచ్చేసరికి ఈ వేళైంది. ఫోను చెవి పక్కన పెట్టుకుని పడుకో మరి.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఉప్పుమడుల ఊరు. అమావాస్య వస్తే చాలు, మిట్టమధ్యాహ్నం నీళ్ళలోంచి ఒకాయన నడిచొచ్చేవాడు. ఆయన మొహం ఎవరికీ గుర్తుండేది కాదు. మిగులాయన అనేవాళ్ళు.

జనమంతా వచ్చి నిలబడాలి. ఆయన పదిలోపు ఏదో ఒక అంకె చెప్తాడు. అంతేసి మంది జట్లు కట్టాలి. అలా మూడుసార్లు. మూడోసారి జట్టు దొరక్క మిగిలినవాళ్ళు ఆయనతో సముద్రంలోకి పోవాల్సిందే.

ఆ ఏడు ఊళ్ళో రెండువేల అయిదువందల ఇరవై మంది ఉన్నారు. భలే సంఖ్యమ్మా అది! రెండేసి కట్టినా, ఏడేసి కట్టినా, పదేసి కట్టినా ఒక్కరూ మిగలరు. ఊరంతా గుండెల మీద చెయ్యేసుకుని నిద్రపోయింది.

అప్పుడు నూకాలుకి ఆడపిల్ల పుట్టింది.

"ఈ ఏడే కనాలా నీకు?" అంది పక్కింటావిడ. నూకాలు పిల్లని గుండెకి హత్తుకుంది.

అమావాస్య రానే వచ్చింది. "ఏడేసి," అన్నాడు మిగులాయన. ఒకరు మిగిలారు. "తొమ్మిదేసి." మళ్ళీ ఒకరే. రెండుసార్లూ అందరూ కలిసి పసిగుడ్డునే పక్కకి తోశారు.

ఆ తర్వాత ఆయన నవ్వాడు. "మూడో అంకె నువ్వే చెప్పవే, తల్లివి కదా! పది దాటినా సరే."

ఊరిపెద్ద సింహాద్రి గొణిగాడు. "పదకొండేసి కడితే ఇద్దరు మిగులుతారు. పదమూడేసి అయితే పన్నెండుమంది. ఇదెలా విరిచినా సమంగా విరగదే నూకాలూ. పిల్లని ఇచ్చెయ్."

"విరగనిదాన్ని విరవడమెందుకు బాబాయ్?" అంది నూకాలు. "రెండువేల అయిదువందల ఇరవై ఒక్కరం. అందరం ఒకే జట్టు!"

అప్పుడు అందరూ చేతులు పట్టుకుని ఒకే వరుసలో నిలబడ్డారు. చివర నూకాలు, చంకలో పిల్ల. మిగులాయన ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచాడు. మిగిలినవాళ్ళెవరూ లేరు. ఆ తర్వాత ఆయన కనిపించలేదు. నీళ్ళలోకి దిగడం కూడా ఎవరూ చూళ్ళేదు.

మర్నాడు ఊరంతా పండగ. ఆడ్డానికీ పాడ్డానికీ ఇద్దరిద్దరుగా జతలు కట్టారు. పిల్లతో సహా అందరికీ జత కుదిరింది. ఒక్కరూ మిగల్లేదు.

అదెలా కుదురుతుందమ్మా? ఒకరు ఎక్కువుంటే తప్ప కుదరదు కదా! జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అన్నీ తెలిసిన మొహాలే. నూకాలు పిల్లని ఎత్తేసుకుంది. పిల్లకి జతగా నిలబడినవాళ్ళ వైపు మాత్రం తలెత్తి చూళ్ళేదు.

కథేమో కంచికి, నువ్వేమో మంచానికి, నేనేమో... ఆఁ, వస్తున్నానండీ! తాతయ్య పిలుస్తు—