కొత్త కంపైలర్‌కు ముహూర్తం

తరళ ఎవరి దగ్గరా నోరు విప్పి ఒప్పుకోని సంగతి ఒకటుంది. కొత్త కంపైలరంటే ఆమెకు పిచ్చి. మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రం నడిపే రూపంలోకి మార్చిపెట్టేది కంపైలర్. కొత్తది వచ్చిందంటే చాలు, ఇంట్లో తన ల్యాప్‌టాప్‌లోకి అదే రోజు దించుకునేది. కొలువులో మాత్రం పాతదాన్ని కదలనిచ్చేది కాదు. గిరిదుర్గం రాజ్యంలోని కంప్యూటర్లన్నిటినీ నడిపే అచల లినక్స్ అనే వ్యవస్థకి కాపలా ఆమే మరి. దాని కొత్త కూర్పు ఒక విడుదలకీ ఇంకో విడుదలకీ మధ్య చిల్లులు పూడుస్తాం తప్ప పునాది కదపమని కోటలన్నిటికీ మాటిచ్చి ఉంది.

ఇలా ఉండగా రాజు కంపభూపతికి ఓ ముచ్చట పుట్టింది. పొరుగురాజు విందులో మీసం మెలేసి, మా కంపైలర్ మీదానికంటే కొత్తదన్నాడట. ఆయనకు ముద్ద దిగలేదు. మర్నాడు కొలువుకి వస్తూనే, కొత్తది ఇవాళే ఎక్కించాలని పట్టుబట్టాడు.

ఆస్థాన యంత్రపండితుడు మకరందుడికి కావలసిందదే. తరళ పదవి మీద ఆయన కన్ను ఎప్పట్నుంచో ఉంది.

"కొత్తదంటే జడిసేవాళ్లకి తాళాలెందుకు ప్రభూ?" అన్నాడు.

రాజు తేల్చేశాడు. ఎందుకు వద్దో కొలువు ముగిసేలోగా తన కళ్లకు కనబడేలా చూపించాలి. లేదంటే యంత్రశాల తాళాలు మకరందుడివి.

తరళ నడుముకున్న తాళాలగుత్తి తడుముకుంది.

"చిత్తం ప్రభూ. ముందు ఒక్క ప్రోగ్రామును కొత్త కంపైలర్‌తో కట్టి, నడుస్తుందో లేదో చూద్దాం. పండితులవారి బిరుదుల ప్రోగ్రామైతే శ్రేష్ఠం."

ఆ ప్రోగ్రాము తెలియనివాళ్లు లేరు. మకరందుడు గడపలో కాలు పెట్టగానే స్పీకర్లలో బూర మోగి, ఆయన బిరుదులన్నీ వరసగా వినబడేవి. స్వయంగా రాసుకున్నాడు. అమ్మాయికి ఇన్నాళ్లకు బుద్ధొచ్చిందని ఉబ్బిపోయి, తరళ దాన్ని కొత్త కంపైలర్‌కి అప్పగించగానే, తెర వైపైనా చూడకుండా బయటికి నడిచాడు, దర్జాగా లోపలికి రావడానికి.

తలుపులు తెరుచుకున్నాయి. మకరందుడు ఛాతీ విరుచుకుని వచ్చాడు. బూర లేదు, బిరుదు లేదు. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాడు. ఎవరో తుమ్మారు, అంతే.

తెర నిండా తప్పులే. పాత కంపైలర్ పండితులవారి తొందరపాట్లకి పోనీలే అని సర్దుకుపోయేది. కొత్తది ముక్కుసూటి మనిషిలాంటిది, ఒక్కటీ సాగనివ్వలేదు. ఇది తరళకు ముందే తెలుసు, ఇంట్లో అన్నీ కట్టి చూసుకుందిగా.

మకరందుడు చెమట తుడుచుకున్నాడు. "దీనికి పెద్దా చిన్నా తెలియవు ప్రభూ. ముందు పాతదాన్ని పెట్టమనండి."

తరళ చేతులు జోడించింది.

"బిరుదులు ఆగితేనే పండితులవారు పాతది కావాలంటున్నారు. రేపు ధాన్యం కొట్ల ప్రోగ్రాము ఆగితే ఊళ్లు ఏమంటాయో మీరే సెలవియ్యండి."

రాజు నవ్వు ఆపుకుంటూ, మరి కొత్తది ఎప్పుడన్నాడు.

"వచ్చే విడుదలకి ప్రభూ. అందాకా పాతదాని పక్కనే దీనికీ ఓ పీట వేద్దాం. ఎవరి ప్రోగ్రాము వాళ్లు కట్టి, దిద్దుకుంటారు. అన్నీ నిలబడ్డ రోజే ముహూర్తం. ఈలోగా పొరుగురాజుతో, మా ఇంటా ఉందని మీరూ మీసం మెలేయొచ్చు."

రాజు కిరీటం జారేలా నవ్వాడు. తన శాలువా తీసి ఆమెకు కప్పించి, ఇకపై విడుదల ముహూర్తాలు తరళ మాట ప్రకారమేనన్నాడు. కొలువంతా నవ్వింది, తరళ కూడా. మకరందుడొక్కడే గోడవారగా బయటికి వెళ్లిపోయాడు.

వచ్చే విడుదలలోగా ఆ తప్పులు దిద్దకపోతే ఆయన బూర నిజంగానే మూగబోతుంది. ఇద్దరు కూర్చుంటే ఒక పూట పని. ప్రాణం పోయినా ఆ పెద్దమనిషి నోరు తెరిచి అడగడు. తరళ కాసేపు తటపటాయించింది. చివరికి, పోనీలెమ్మని, తనే ఆయనకు ఫోన్ చేద్దామనుకుంది.