పన్నెండు గుండీల సంచీ

దీవెనమ్మకు వచ్చిన చిక్కు ఏమిటంటే, ఆమె బైబిలు సంచీని పేటంతా చూడాలి. అందులోని బైబిలును మాత్రం ఎవరూ తెరవకూడదు.

ఇది నలభై అయిదేళ్ల కిందటి మాట. నర్సాపురం కాలువ మీద, లాకుల పక్కన, ముప్పై ఇళ్ల క్రైస్తవుల పేట ఒకటి ఉండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఏ అరుగు చూసినా ఆడవాళ్లు కాళ్లు చాపుకుని లేసు అల్లుతూ కనిపించేవారు. ఒడిలో తెల్లటి నూలు ఉండ, చేతిలో కొక్కెం సూది. మాటలు పక్కింటావిడతో నడుస్తున్నా వేళ్లు తమ పని తాము చేసుకుపోయేవి. లాకు తలుపులు ఎత్తినప్పుడు నీళ్లు దూకే చప్పుడు, పడవవాళ్ల కేకలు, ఆ మధ్యలో ఎవరో సన్నగా పాడుకునే కీర్తన. ఇప్పుడు ఆ కాలువలో పడవలు లేవు. గుర్రపుడెక్క ఉంది.

పేటలో సూది పట్టడం వచ్చిన ప్రతి ఆడమనిషికీ నేర్పింది ఒక్కరే, రాహేలమ్మ గారు. మిషన్ బడిలో ముప్పై ఏళ్లు లేసు టీచరుగా చేసి, తర్వాత ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పారు. అందరికీ ఆవిడ టీచరమ్మ గారే. ఎవరైనా కుట్టు తప్పితే తిట్టేవారు కాదు. తప్పిన చోటి దాకా విప్పి, సూది మళ్లీ చేతికిచ్చేవారు. బాగా అల్లితే ఏమీ అనేవారు కాదు.

గురువారం మూడింటికి చర్చి వరండాలో స్త్రీల కూడిక. టీచరమ్మ గారు పీట మీద కూర్చుని చదివేవారు, మిగతావాళ్లు చాప మీద కూర్చుని వినేవారు. ఇరవై రెండేళ్లు అలా జరిగింది. ఆ ఏడు ఆవిడ కళ్లలో వెలుగు తగ్గిపోతూ వచ్చింది. మనుషులు నీడల్లా కనిపించేవారు. అక్షరాలు అసలు కనిపించేవి కావు. ఆపరేషను చేసినా లాభం లేదని డాక్టరు చెప్పాడు.

"మరి ఇక మీదట చదివేదెవరండీ?" అని ఆడవాళ్లు అడిగారు.

"చెప్తాను" అన్నారు టీచరమ్మ గారు.

ఆ ఒక్క మాట దీవెనమ్మను కుదురుగా ఉండనివ్వలేదు. పదకొండేళ్ల పిల్లగా అమ్మ మోకాలికి ఆనుకుని ఆ చాప మీద కూర్చున్నప్పటి నుంచీ, ఏదో ఒకరోజు ఆ పీట మీద కూర్చుని చదవాలని ఆమె కోరిక. ఎనిమిదో తరగతి దాకా చదివింది. గొంతు బాగుంటుంది. పేటలో చాలామందికి చదువు సంతకం దగ్గరే ఆగిపోయింది కాబట్టి పోటీ కూడా పెద్దగా లేదు.

అడ్డం ఒక్కటే. గడిచిన క్రిస్మసు నుంచి ఆమె బైబిలు తెరవలేదు. ఎవరు తెరిచినా అంటుకున్న పేజీలే ఆ సంగతి చెప్పేస్తాయి.

తెరవకూడదని కాదు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తే వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లడం, కాలువ నుంచి నాలుగు బిందెల నీళ్లు, పొట్టు పొయ్యి కూరడం, భర్త జీవరత్నం లాకు తలుపులు ఎత్తి దించే లస్కరు కాబట్టి ఏడింటికల్లా అతని క్యారేజీ. తర్వాత మూడేళ్ల గ్రేసుకు స్నానం, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయి మంచంలో ఉన్న అత్తగారు శాంతమ్మకు స్నానం, ఇద్దరికీ అన్నం తినిపించడం. పది నిమిషాలకోసారి మంచంలోంచి పిలుపు. పక్క సర్దాలి, లేదా కిటికీ మూయాలి. మూసిన కిటికీ మళ్లీ తీయాలి. రెండింటికి అరుగు మీద కూర్చునేసరికి ఆమెకు మిగిలేది సూది పట్టే ఓపిక ఒక్కటే.

అందుకని సంచీ అల్లింది. పెళ్లినాడు చర్చివాళ్లు ఇచ్చిన బైబిలుకి సరిగ్గా సరిపోయేట్టు, సన్న నూలుతో, నాలుగు నెలలు అల్లింది. ఒక ద్రాక్షతీగ, తొమ్మిది ఆకులు, నడుమ సిలువ. మూతకి పన్నెండు గుండీలు, శిష్యులు పన్నెండుమంది కాబట్టి. ఒక్కొక్క గుండీలో గాజుపూస పెట్టి పైన దారం చుట్టింది. చివర్న చిక్కటి గంజి పెట్టి, బొగ్గుల ఇస్త్రీపెట్టెతో ఇస్త్రీ చేసింది. ఇదీ దేవుని పనే కదా అనుకుంది. అనుకున్న ప్రతిసారీ లోపల ఎక్కడో చిన్నగా గుచ్చుకునేది.

గురువారం సంచీని కూడికకు తీసుకెళ్లింది.

చేతులు మారి మారి అది చాప చివరిదాకా వెళ్లి వచ్చింది. వరసకు వదిన అయ్యే కటాక్షమ్మ ఎత్తి పట్టుకుని వెలుగులో చూసింది. ఆవిడ నోటికి పేటలో అందరికీ భయమే.

"ఏమే దీవెనా, మా ఆయనకి ఇలాంటిది ఒకటి అల్లిపెట్టవే. పన్నెండు గుండీలు పెడితే సాయంత్రం ఇంట్లోంచి కదలడు" అంది. అందరూ నవ్వారు.

చివరికి సంచీ టీచరమ్మ గారి ఒడిలోకి వచ్చింది. ఆవిడ కళ్లు మూసుకుని వేళ్లతో చూశారు. తీగ పొడుగునా వెళ్లి, ఆకుల మీద ఆగి, సిలువ చుట్టూ తిరిగి వచ్చాయి వేళ్లు. చాలాసేపు పట్టింది.

"ఒక్క కుట్టు కూడా తప్పలేదు" అన్నారు.

ఆవిడ నోట అలాంటి మాట ఎవరూ విని ఉండలేదు. దీవెనమ్మ చెవులు వేడెక్కాయి.

"తెరిచి ఒక అధ్యాయం చదువు" అంటూ టీచరమ్మ గారు సంచీ ఆమె చేతికిచ్చారు.

దీవెనమ్మ మొదటి గుండీ విప్పింది. గంజికి బిగుసుకుపోయిన దారపు కాజా గోరుతో లాగితే గాని సాగలేదు. రెండోది. మూడోది. చాప మీద ఎవరో దగ్గారు. నాలుగో గుండీకి గోరు విరిగింది.

"పేతురు వచ్చాడు, యోహాను వచ్చాడు" అంది కటాక్షమ్మ. "కంగారు పడకే. ఆ చివరిదే కష్టం, వాడు ద్రోహి యూదా."

మళ్లీ నవ్వులు. దీవెనమ్మ కూడా నవ్వబోయింది. రాలేదు. ఏడో గుండీ దగ్గర టీచరమ్మ గారు చేయి చాచి ఆమె చేతిని ఆపారు.

"పోనీలే. ఇవాళ్టికి ప్రార్థన చేసుకుని లేద్దాం."

దీవెనమ్మకు హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. ప్రార్థన జరిగినంతసేపూ ఆమె విన్నది ఏమీ లేదు.

మెట్లు దిగుతుంటే టీచరమ్మ గారు ఆమె భుజం పట్టుకున్నారు. "రేపు పొద్దున మీ ఇంటికొస్తాను."

"పదింటికి రండి టీచరమ్మ గారూ, పని తెమిలిపోతుంది."

"ఆరింటికొస్తా. తెమలకముందు."

అన్నట్టే ఆరింటికి కర్ర పొడుచుకుంటూ కాలువ గట్టు వెంట వచ్చారు. దీవెనమ్మ ముందుగదిలో చాప పరిచి ఉంచింది. ఆవిడ చాప దాటుకుని, కర్ర చివరతో గుమ్మం వెతుక్కుని, నేరుగా వంటింట్లోకి వచ్చి పీట మీద కూర్చున్నారు. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది. దీవెనమ్మ రోట్లో పసుపు దంచుతోంది.

"ఇక్కడెందుకండీ, పొగ..."

"నాకు పొగైతే ఏంటి, వెలుగైతే ఏంటి. నీ పని కానీ."

దీవెనమ్మ రోకలి పక్కన పెట్టింది. దాచుకున్నదంతా అప్పుడు బయటికొచ్చింది.

"తెరవలేదండీ. క్రిస్మసు నుంచి తెరవలేదు. ఖాళీ ఉండట్లేదు. ప్రభువు ఇంటికొచ్చినా వంటపని వదలని ఆ మార్తనైపోయాను టీచరమ్మ గారూ. ఆ పీట నాకు వద్దండీ, కటాక్షం వదిన అక్షరాలు కూడబలుక్కుని చదివినా నాకంటే నయం."

టీచరమ్మ గారు చేతిసంచీలోంచి తన బైబిలు తీశారు. అట్ట ఎప్పుడో పోయింది. పైన ఆయిల్ గుడ్డ వేసి దబ్బనంతో కుట్టి ఉంది. పుస్తకం మూసినా మూసినట్టుండదు, తడిసి ఆరిన పుస్తకంలా ఉబ్బి ఉంటుంది. ఒళ్లో పెట్టుకుని బొటనవేలితో పేజీల అంచులు తడుముతూ వెళ్లారు. ఒకచోట కాగితం నూనె పట్టి గాజులా ఉంది. ఆ పేజీని వాసన చూసి, చిన్నగా నవ్వుకుని ముందుకు పోయారు. ఇంకోచోట కొవ్వొత్తి మైనం గట్టిపడి ఉంది. అక్కడా ఆగలేదు. చాలా ముందుకు వెళ్లాక వేలు ఆగింది.

"ఇదేంటో చూడు."

దీవెనమ్మ వంగి చూసింది. పేజీ మధ్యలో, రెండు వరసల నడుమ, పైసా అంత తెల్లటి చేప పొలుసు అతుక్కుపోయి ఉంది. దాని కింద అక్షరాలు కనిపిస్తున్నాయి.

"ఆ రోజు మా ఆయన బొచ్చె చేప తెచ్చారు" అన్నారు టీచరమ్మ గారు. "కత్తిపీట ముందు కూర్చుని ఓ చేత్తో ఇది తిప్పుతున్నాను. ఆయన గుమ్మంలో నిలబడి, నీ పుస్తకానికి పులుసు పెడతావా, చేపకి పాఠం చెప్తావా అన్నారు." పొలుసును వేలితో ఒకసారి తడిమారు. "యాభై ఏళ్లయింది. ఆయన పోయి పదిహేడేళ్లు. చదువు."

"చేతికి పసుపండీ."

"పుస్తకం నాదేగా."

దీవెనమ్మ పుస్తకాన్ని బియ్యం డబ్బా మీద ఆనించి పెట్టింది. చదివింది. ప్రభువు తెల్లవారేసరికి ఒడ్డున నిప్పులు రాజేసి, నిప్పుల మీద చేపలు కాల్చి, రాత్రంతా వల వేసి వచ్చిన శిష్యుల్ని భోజనానికి పిలిచిన చోటు అది. చిన్నప్పటి నుంచి విన్నదే. పొయ్యి ముందు నిలబడి ఎన్నడూ వినలేదు.

సగంలో పప్పు పొంగింది. ఆమె కంగారుగా అక్కడే తడబడింది.

"ముందు పప్పు చూసుకో" అన్నారు టీచరమ్మ గారు. "వాళ్లెక్కడికీ పోరు."

మూత తీసి, మంట తగ్గించి, గరిటె తిప్పుతూ మిగతాది చదివింది. పేజీ తిప్పినచోట మూలన పసుపు వేలిముద్ర పడింది. తుడవబోయి ఆగింది. అదే మూలన పాతది, వెలిసిపోయిన పసుపు వేలిముద్ర ఇంకొకటి ఉంది.

చదవడం అయిపోయాక ఇల్లు నిశ్శబ్దంగా ఉందని తెలిసింది. పక్కగదిలోంచి చాలాసేపటిగా పిలుపు రాలేదు. దీవెనమ్మ గరిటె పట్టుకునే గుమ్మం దాకా పరుగెత్తింది.

శాంతమ్మ తల ఇటువైపు తిప్పుకుని పడుకుని ఉంది. పెదవి ఒక పక్కే కదులుతుంది కాబట్టి మాట ముద్దగా వస్తుంది.

"తర్వాత?" అంది.

టీచరమ్మ గారు పుస్తకం అందుకుని లేచారు. సంచీ ఊసు ఎత్తలేదు. మంచం దగ్గర ఆగి, శాంతమ్మ చెయ్యి ఒకసారి నొక్కి, వచ్చిన దారినే గట్టెక్కి వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం దీవెనమ్మ అరుగు మీద కూర్చుని సంచీ పక్క కుట్లు విప్పింది. పరిస్తే అది చదరపు గుడ్డయింది. పన్నెండు గుండీలూ కోసి చుట్టూ అంచుకి కుట్టింది. చిన్న ముక్క మిగిలితే గ్రేసు బొమ్మకి దుప్పటి అయింది. పెళ్లినాటి బైబిలు బియ్యం డబ్బా మీదికి చేరింది. మొదటిరోజు బంగారు పూత అంచులు ఒకదానికొకటి అంటుకుని, విడదీస్తుంటే చిటపటమన్నాయి. ఆదివారం నాటికి ఆ చప్పుడు తగ్గింది. సోమవారం పులుసు చుక్క ఒకటి ఎగిరి పేజీ మీద పడింది. కొంగుతో అద్దింది. ఇంకాస్త పాకింది. ఆమె ఒక్క క్షణం దాన్ని చూసి, ఆపిన చోటి నుంచి మళ్లీ చదివింది, పక్కగదికి వినపడేట్టు.

గురువారం బైబిలును కొంగులో చుట్టుకుని కూడికకు వచ్చింది.

"సంచీ ఏదే?" అంది కటాక్షమ్మ. "పన్నెండుమందీ ఏరీ?"

"పాలగిన్నె మీద ఉన్నారు వదినా. ఈగలు తోలుతున్నారు."

ఈసారి అందరికంటే ముందు కటాక్షమ్మే నవ్వింది.

టీచరమ్మ గారు చేయి చాచారు. దీవెనమ్మ పుస్తకం అందించింది. ఆవిడ బొటనవేలితో అంచు తడిమారు. ఒకచోట ఆగి, అక్కడ తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. చాప మీద అందరూ చూస్తూ ఉండిపోయారు.

"మెంతులు" అన్నారు. "ఏం పులుసు?"

"బెండకాయండీ."

"ఉప్పు సరిపోయిందా?"

"కాస్త ఎక్కువైందండీ. అత్తయ్యగారు అడుగుతున్నారని ఇంకో అధ్యాయం చదువుతూ, రెండుసార్లు వేశాను."

టీచరమ్మ గారు పుస్తకం తిరిగి ఇచ్చారు. కర్ర ఊతంతో పీట మీంచి లేచి, తడుముకుంటూ వచ్చి, చాప మీద ఆడవాళ్ల మధ్య కూర్చున్నారు. కటాక్షమ్మ జరిగి చోటిచ్చింది.

"చదువు" అన్నారు.