ఖాళీ రోడ్డు

మస్తాన్ గారు ముప్పయ్యేళ్లు ఆర్టీసీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఇప్పుడు డ్రైవింగ్ నేర్పుతారు. ఆయన పాఠం ఒక్కటే: కంటికి కనిపించిందల్లా పైకి చెబుతూ నడపాలి. మేక కనిపిస్తే మేక, గుంట కనిపిస్తే గుంట. నేర్చుకునేవాళ్లు మొదటిరోజు నవ్వుకుంటారు, రెండోరోజుకు గొంతు ఎండి నవ్వడం మానేస్తారు.

ఆయన దగ్గరే నేర్చుకున్న పశువుల డాక్టరు మందాకిని ఈమధ్య కొత్త కారు కొన్నది. రోడ్డు మీది తెల్లగీతను పట్టుకుని అది తనంతట తానే మలుపు తిరుగుతుంది, ముందున్న బండి ఆగితే తానే ఆగుతుంది. గురువుగారికి చూపించడానికి తెచ్చి, చాన్నాళ్లుగా మనసులో ఉన్న మాట అడిగేసింది.

"మాస్టారూ, చూడాల్సిందంతా బండే చూసుకుంటుంటే ఇక నేను చూడాల్సిన పనేముంది?"

మస్తాన్ గారు కారెక్కారు. పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని, పాత పద్ధతిలోనే చెబుతూ నడపమన్నారు.

నాలుగైదు కిలోమీటర్ల దాకా మందాకిని బుద్ధిగానే చెప్పింది. ఆ తర్వాత విసుగు పుట్టింది. మధ్యాహ్నపు ఎండ, తిన్నని రోడ్డు, కారు గీత తప్పితే ఒట్టు. ఇంతలో ఎవరో రైతు జబ్బు చేసిన దూడ ఫోటో పంపాడు. ఒక చెయ్యి స్టీరింగ్ మీద ఊరికే ఆనించి, ఫోన్ ఒళ్లో పెట్టుకుని, దూడ నోట్లో పుండ్లు చూడసాగింది.

"ఏం కనిపిస్తోందమ్మా?" అన్నారు మస్తాన్ గారు.

"ఏముంది మాస్టారూ, ఖాళీ రోడ్డే," అంది తలెత్తకుండా.

"బ్రేకు."

ఆయన గొంతు అలా ఉండటం ఆమె ఎన్నడూ వినలేదు. తలెత్తేసరికి ఎదుట తెల్లగీత లేదు. ఎవరో సగం రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. ఆ గింజల మధ్య ఒకావిడ వీపు ఇటు తిప్పి, కాళ్లతో వాటిని తిరగేస్తోంది. కారు కూత పెట్టలేదు, వేగం తగ్గించలేదు, నేరుగా ఆ వీపు మీదికే పోతోంది. మందాకిని బ్రేకు మీద లేచి నిలబడినంత పని చేసింది. రాళ్లు టైర్ల కింద పడి ఎగిరాయి, గింజలు అద్దానికి కొట్టుకున్నాయి. చంపేశాననుకుని కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి ఆవిడ బానెట్‌కు జానెడు దూరంలో ఉంది. తనకేం తప్పిందో ఇంకా తెలిసినట్టు లేదు. నలిగిన గింజల వంక చూసి, "కాస్త అవతల నించి పోవచ్చు గదమ్మా," అంది. ఆ మాట వినేసరికి మందాకినికి అంతకు ముందు కంటే ఎక్కువ భయం వేసింది.

కారు పక్కకు తీసి ఆపింది. భయం ఏడుపైంది, ఏడుపు కోపమై కారు మీదికి మళ్లింది. ఒక్క కూతైనా పెట్టలేదే అని దాన్ని తిట్టిపోసింది. మస్తాన్ గారి ముఖం కూడా పాలిపోయి ఉంది. తనవైపు బ్రేకు లేదని తెలిసీ కుడికాలితో కారు అడుగును ఎంత గట్టిగా తొక్కారో, చెప్పు పట్టీ తెగిపోయింది. ఆ చెప్పు చేతిలోకి తీసుకున్నారు.

"పందొమ్మిదేళ్లు ఒకే కండక్టరు నా వెనక నించి రైట్ అన్నాడమ్మా," అన్నారు. "ఒక్కనాడూ తప్పు చెప్పలేదు. అయినా అద్దంలో చూసుకోకుండా నేను బస్సు కదిలించలేదు. అతని మీద నమ్మకం లేక కాదు. స్టీరింగ్ ఉన్నది నా చేతిలో."