కొబ్బరమ్మ తొడుక్కున్న గాజులు

ఒకప్పుడు కొబ్బరిచెట్టు మాను నున్నగా ఉండేది. ఎంత నున్నగా అంటే, అరటిబోదె కూడా దాని ముందు దిగదుడుపే. ఒక గీత లేదు, ఒక గాటు లేదు. ఉడత ఎక్కబోతే సర్రున జారి కింద పడేది. చీమలు సగం దాకా పాకి, కాళ్లు నిలవక ఇసకలో రాలిపోయేవి. ఇక మనుషుల సంగతి చెప్పక్కర్లేదు.

నవ్వకండర్రా. మీరిప్పుడు చూసే కొబ్బరిచెట్టు కాదది.

సముద్రం ఒడ్డున ఒక జాలరిపల్లె ఉండేది. ఆ పల్లె చివర, అలలు వచ్చి తాకీ తాకనట్టు వెళ్లేచోట కొబ్బరమ్మ ఉండేది. చూడబోతే అందగత్తె. అందానికి మించిన పొగరు. ఎవరైనా దగ్గరికొస్తే చాలు, "దూరం, దూరం. ముట్టుకోకండి, మాసిపోతాను" అనేది. తలమీద గెలలు గెలలుగా బొండాలు వేలాడుతుండేవి. కోయడానికి ఎక్కేదెవరు? అవి అక్కడే ముదిరి, ఎండి, ఎప్పుడో దబ్బున పడేవి. లేత బొండాం నీళ్ల రుచి అప్పటికి మనిషన్నవాడికి తెలీదంటే నమ్మండి.

కొబ్బరమ్మతో మాట్లాడేది ఒక్క గాలి మాత్రమే. గాలికి అప్పుడూ ఇప్పుడూ ఒకటే నడత. పొద్దున్నే కొండవైపు నుంచి సముద్రం మీదికి వెళ్తాడు. మధ్యాహ్నం సముద్రం మీంచి ఒడ్డుకి వస్తాడు. పొద్దుగూకాక మళ్లీ సముద్రం మీదికే. వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి కొబ్బరమ్మ జుట్టు చెరిపి, "ఏం మరదలా, ఇంకా మాసిపోలేదా?" అని వేళాకోళమాడి పోయేవాడు.

ఆ పల్లెలో మరిడమ్మ అనే పిల్ల ఉండేది. తొలిసారి కడుపుతో ఉంది. మొగుడు దానయ్య, ఇంకో నలుగురితో కలిసి పడవ మీద పిట్టల దిబ్బకి వెళ్లాడు. పిట్టల దిబ్బ అంటే సముద్రం మధ్యన ఒట్టి ఇసకదిబ్బ. చేపలు ఎండబెట్టుకోవడానికి బాగుంటుంది, తాగడానికి చుక్క నీళ్లుండవు. "సీమంతం నాటికి వచ్చేస్తానే" అని చెప్పి వెళ్లాడు దానయ్య.

సీమంతం రానే వచ్చింది. ఊళ్లో ఆడవాళ్లందరూ చేరి మరిడమ్మ చేతులకి మోచేతుల దాకా గాజులు తొడిగారు. కడుపులో బిడ్డకి మొదట వినపడేది గాజుల చప్పుడేనట, పెద్దవాళ్లు అంటారు. కానీ దానయ్య రాలేదు.

మర్నాడు పొద్దున్నే దిబ్బ మీంచి పొగ లేచింది. ఒక పొగ కాదు, పక్కపక్కనే రెండు. ఒక పొగ లేస్తే క్షేమం, రెండు లేస్తే ఆపద. అది ఆ ఊరివాళ్ల ఆనవాలు.

మరిడమ్మ అత్త గున్నమ్మ ఆ పొగ చూసి ఇసకలో చతికిలబడింది. "మొన్న గాలివాన కొట్టింది కదే. వీళ్ల పడవ బోర్లాపడే ఉంటుంది. తెరచాపని కొయ్యకి మేకులు కొట్టి బిగిస్తారు. గాలి ముదిరితే దించుదామన్నా దిగదు. ఎన్ని పడవలు ఇలాగే పోయాయో. దిబ్బ మీద తాగడానికి నీళ్లు కూడా ఉండవు కదే" అంది.

ఊళ్లో మిగతా మగాళ్లు పడవలేసుకుని దూరం వేటకి పోయారు. ఒడ్డున మిగిలింది ఒక్కటే పాత పడవ. దాని తెరచాప కొయ్యని ఏనాడో చెదలు తినేశాయి. కొయ్య లేని పడవ ఎంత దూరం పోతుంది?

మరిడమ్మ తిన్నగా కొబ్బరమ్మ దగ్గరికి వెళ్లింది.

"కొబ్బరమ్మా, మా పడవలో కొయ్యగా నిలబడతావా? మా ఆయన దిబ్బ మీద నీళ్లు లేక చచ్చిపోతాడు."

"నేనా? నా ఒళ్లేం కావాలి? మేకులు కొడతారు, తాళ్లు రాస్తారు. ఇంకెవర్నైనా అడుక్కో."

మరిడమ్మకి ఒళ్లు మండింది. "సరే, నీ ఒళ్లు నీది. నా కడుపులో బిడ్డ పుట్టి, అయ్య ఏడీ అని అడిగినప్పుడు ఇక్కడికే తీసుకొస్తా. 'ఇదిగోరా, ఈవిడ ఒళ్లు మాసిపోతుందని రాలేదు' అని చూపిస్తా" అని వెనక్కి తిరిగింది.

కొబ్బరమ్మకి ఆ మాట చురుక్కున తగిలింది. కాసేపు అటూ ఇటూ ఊగింది. "ఆగవే పిల్లా. అంత కోపమైతే ఎలా? వస్తాను. కానీ మేకు దిగకూడదు, గీత పడకూడదు. ఆ తరవాత మీ ఇష్టం" అంది.

అప్పట్లో చెట్లు మరీ అవసరమైతే వేళ్లు పైకి లాక్కుని నాలుగడుగులు వేసేవి. ఎలా అని నన్నడక్కండి, అడ్డు ప్రశ్నలు నాకు గిట్టవు. కొబ్బరమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకున్నట్టు వేళ్లు ఎత్తుకుని, నడిచి వెళ్లి పడవలో నిలబడింది. వేళ్ల చుట్టూ ఇసక పోసి గట్టిగా దట్టించారు.

బాగానే ఉంది. ఇప్పుడు తెరచాప కట్టేదెలా? మేకు కొట్టకూడదాయె. తాడుతో కడితే ఆ నున్నటి ఒంటిమీద జారి కిందికొచ్చేసింది. ఇంకా బిగించి కడితే గీత పడుతుందని కొబ్బరమ్మ గోల. పైగా బిగించి కడితే మేకు కొట్టినట్టే, గాలివానలో దిగదు.

మరిడమ్మ తల పట్టుకుంది. తల పట్టుకోవడానికి చేతులు పైకెత్తేసరికి గాజులన్నీ గలగలమని మోచేతుల మీదికి జారాయి. చేతులు దించింది. గలగలమని మణికట్టు దగ్గరికి వచ్చాయి. మళ్లీ ఎత్తింది, మళ్లీ దించింది.

"అత్తా, ఇటు చూడు. గాజు చేతిని వదిలి పోదు. అలాగని ఒకచోట ఉండదు. కొబ్బరమ్మకి గాజులు తొడుగుదాం. గాజులకి తెరచాప కడదాం."

గున్నమ్మ చేపల బుట్టలు అల్లే మనిషి. ఇంట్లో పేము ఉంది. పేముని నీళ్లలో నానబెట్టి, కొబ్బరమ్మ చుట్టూ వంచి, కొసలు కలిపి ముడేసి, ఒక్కొక్క గాజే తొడిగారు. పాత చీరలు కుట్టిన తెరచాప అంచుని ఆ గాజులకి కట్టారు. ఒక పొడుగు తాడు చివర రాయి కట్టి విసిరి, పైన మట్ట సందులోంచి కిందికి దింపి, ఒక కొసని పై గాజుకి ముడేశారు. ఆ తాడు లాగితే పై గాజు లేవాలి, దాని వెంట తెరచాప లేవాలి.

లాగారు. కదల్లేదు.

ఎందుకు కదులుతుంది? గున్నమ్మది పాతకాలం పట్టింపు. గాజు చేతికి ఆనుకుని ఉండాలి, వదులు గాజు దరిద్రం అంటుంది. ఆ పట్టింపుతోనే చెట్టుకి కూడా బిగుతుగా తొడిగింది.

"ఊపిరాడట్లేదే ముసలీ" అంది కొబ్బరమ్మ. అని, పాపం, లోపలున్న ఊపిరంతా ఉస్సుమని వదిలింది. అంతే, గాజులన్నీ టకటకమని కిందికి జారాయి. మళ్లీ ఊపిరి పీల్చింది. గాజులు ఎక్కడివక్కడ బిగిసిపోయాయి.

"చూశావా అత్తా. వదులుగా ఉంటేనే గాజు మోగుతుంది" అంది మరిడమ్మ. గున్నమ్మ గొణుక్కుంటూనే రెండు వేళ్లు పట్టేంత వదులుచేసి ముళ్లు మళ్లీ వేసింది. తాడు లాగితే తెరచాప టకటకమంటూ పైకి వెళ్లింది, వదిలితే టకటకమంటూ దిగింది. కొబ్బరమ్మకి ఒకటే చక్కిలిగింతలు. నవ్వాపుకోలేక రెండు ఎండుమట్టలు రాల్చేసింది.

ఇవన్నీ అమర్చేసరికి ఆ రోజు గడిచిపోయింది. తెల్లారగానే గున్నమ్మ చుక్కాని పట్టింది. మరిడమ్మ తాడు పట్టింది. కడుపుతో ఉన్నదానివి నువ్వెందుకే అని ఊరంతా మొత్తుకుంది, విన్నదెవరు?

పొద్దుటి గాలి వాళ్లని సముద్రం మీదికి తోసుకుపోయాడు. దారిలో సరదాకి ఒక్క విసురు విసిరాడు. పడవ ఒక పక్కకి ఒరిగింది. మరిడమ్మ తాడు వదిలింది. కన్నుమూసి తెరిచేలోగా తెరచాప కింద ఉంది. విసురు వాళ్ల మీంచి ఖాళీగా వెళ్లిపోయింది. "ఓసి మీ అసాధ్యం కూలా" అన్నాడు గాలి. వాడికీ ముచ్చటేసింది.

దిబ్బ చేరేసరికి దానయ్యా, మిగతా నలుగురూ పెదాలు పగిలి, మాట పెగలక ఇసకలో పడున్నారు. వాళ్ల పడవ ముక్కలు ఒడ్డున ఉన్నాయి. మేకులు కొట్టిన తెరచాప ఇంకా ఆ కొయ్యకే ఉంది.

కొబ్బరమ్మ వాళ్లని చూసింది. ఏమనుకుందో ఏమో, తల ఒక్కసారి విదిలించింది. లేత బొండాలు దబదబా ఇసకలో పడ్డాయి. మరిడమ్మ కత్తితో చెక్కి దానయ్య నోటికి పట్టింది. గుటకలు వేసి కళ్లు తెరిచాడు.

"ఇవేం నీళ్లే, ఇంత బాగున్నాయి?" అన్నాడు. ఆ తరవాతే పెళ్లాన్ని చూశాడు. "ఈ కడుపుతో నువ్వెందుకొచ్చావే?"

"నువ్వు రాలేదుగా" అంది మరిడమ్మ. అప్పుడు ఏడ్చింది, అప్పటిదాకా ఏడవలేదు.

మధ్యాహ్నం గాలి ఒడ్డువైపు తిరిగాడు. అందరూ పడవెక్కారు. "త్వరగా పోండి, పొద్దుగూకితే నేను ఇటు తిరిగి వీస్తాను. అప్పుడు మిమ్మల్ని నడి సముద్రంలోకి తోసేస్తాను. నా నడత ఎవరికోసమూ మారదు" అని ముందే చెప్పాడు గాలి.

సగం దారి బాగానే వచ్చారు. అప్పుడు పైన మట్ట అంచుకి ఒరుసుకుని ఒరుసుకుని తాడు ఫట్టున తెగింది. తెరచాప గాజులతో సహా కింద కుప్పపడింది.

"నేనెక్కి తాడు వేస్తా" అని దానయ్య కొబ్బరమ్మని కౌగిలించుకున్నాడు. సర్రున జారాడు. మళ్లీ ఎక్కాడు, మళ్లీ జారాడు. అంత నున్నటి ఒంటిమీద ఏ కాలు నిలుస్తుంది? రాయి కట్టి విసురుదామంటే పడవ ఊగుడికి అది మట్టల సందులో పడ్డంలేదు. తెడ్లు అయిదుగురు మగాళ్ల బరువుని ఎంతని లాగుతాయి? చూస్తుండగానే పొద్దు కొండమీదికి వాలిపోతోంది.

మరిడమ్మ కడుపు మీద చెయ్యేసుకుని ఒడ్డు వైపు చూస్తూ కూచుంది.

కొబ్బరమ్మ ఆ చెయ్యి చూసింది.

"గెడకి గెడ కట్టి గాజుల్ని పైకి నెట్టండి. పైన నేను పట్టుకుంటాను" అంది.

"నువ్వెలా పట్టుకుంటావే?" అంది గున్నమ్మ.

"ఊపిరి బిగబడతాను."

"ఒడ్డుదాకానా? గాలంతా ఆ గాజుల మీదే లాగుతుంది. ఒళ్లంతా గాట్లు పడిపోతాయే తల్లీ."

"పడనీ" అంది కొబ్బరమ్మ.

గెడలతో నెట్టారు. కొబ్బరమ్మ గుండెల నిండా ఊపిరి పీల్చి బిగబట్టింది. కింది నుంచి పైదాకా గాజులు బిగిశాయి. తెరచాప నిలబడింది. గాలి కూడా ఇంకేం వేళాకోళం చెయ్యలేదు, ఉన్న కాసేపూ ఒళ్లు దాచుకోకుండా తోశాడు. అతను తోసేకొద్దీ పేము కొబ్బరమ్మ ఒంట్లోకి దిగింది. అంత వాగుడుకాయ, దారంతా ఒక్క మాట మాట్లాడలేదు.

పడవ అడుగు ఇసకకి తగిలింది. అందరూ దూకారు. అప్పుడు ఉస్సుమని ఊపిరి వదిలింది కొబ్బరమ్మ. గాజులు జారిపోయాయి. వాటి గుర్తులు జారలేదు. పాదాల నుంచి తలదాకా, చుట్టూ తిరిగి, ఒకదాని మీద ఒకటి.

కొబ్బరమ్మ నడిచి వెళ్లి తన చోట నిలబడింది. పక్కనే గుంటలో నిలిచిన నీళ్లలో తన్ను తాను చూసుకుంది. ఏడ్చింది. ఎందుకు ఏడవదు? అంత ముద్దుగా చూసుకున్న ఒళ్లు.

మరిడమ్మ దగ్గరికొచ్చి ఆ గుర్తుల మీద చెయ్యేసింది. ఈసారి కొబ్బరమ్మ దూరం అనలేదు.

"ఇవి గాట్లు కాదు కొబ్బరమ్మా, గాజులు. నాకు మోచేతుల దాకానే వేశారు. నీకు తలదాకా పడ్డాయి. గెలలు గెలలుగా ఇంతమంది పిల్లలున్నారు నీకు. ఎవరైనా ఎప్పుడైనా సీమంతం చేశారా?"

కొబ్బరమ్మ తల వంచి ఆ గుర్తులు చూసుకుంది. "ఎవర్నైనా దగ్గరికి రానిస్తేగా" అంది.

అంతలో ఒక ఉడత, పాత అలవాటుగా ఎక్కబోయింది. జారలేదు. ఒక గాజు మీద కాలు పెట్టింది, ఇంకో గాజు మీద ఇంకో కాలు పెట్టింది, చూస్తుండగానే మొవ్వు దాకా వెళ్లిపోయి కిచకిచమంది. దాని వెనక దానయ్య ఎక్కాడు. మరిడమ్మకి ప్రసవమైన రోజున మొదటి లేత బొండాం కోసింది అతనే. ఆ రోజు పుట్టిన ఆడపిల్ల పెద్దదై తనే ఎక్కడం నేర్చుకుంది. ఎక్కినప్పుడల్లా కొబ్బరమ్మకి చక్కిలిగింతలు పుట్టేవి. గాలి మాత్రం మానలేదు, "ఏం మరదలా, మాసిపోయావే" అని ఇప్పటికీ జుట్టు చెరిపే పోతాడు.

అప్పటినుంచే పడవల తెరచాపలు కొయ్యలకి తొడిగిన గాజులతో టకటకా లేచి, టకటకా దిగుతున్నాయి. అప్పటినుంచే కొబ్బరిచెట్టు ఒంటినిండా చుట్టూ గుర్తులున్నాయి. అవి చాల్లేదు దానికి. మట్ట రాలిన ప్రతిచోటా కొత్తగా ఇంకో గాజు తొడుక్కుంటుంది, ఎక్కి వచ్చేవాళ్ల కాలు జారకుండా.