కచేరీకీ పందేనికీ ఒకటే సైకిలు

చెప్పండి, కలిగినవాడు కొత్త సైకిలు కొన్న రోజు మీరేం చూశారు? సైకిలుని చూశామనకండి. మీరు చూసింది సీటు మీద ఒక చెయ్యి, నడుం మీద ఒక చెయ్యి వేసుకుని నిలబడ్డ మనిషిని. ఆ సైకిలు ఏ దారిన పోవాలో ఆ దారిని మీరూ చూడలేదు, ఆయనా చూడలేదు. జీలుగువలస సంస్థానంలోనూ అదే జరిగింది.

అక్కడి రాజావారికి ఇరవై ఆరేళ్లు. ఒక పొద్దుట సభలో కూర్చుని ఒక మాట అన్నారు.

"ఇకనుంచి మేం రోజూ కచేరీకి సైకిలు మీద వెళతాం. దసరాకి పొరుగు సంస్థానంలో జరిగే సైకిలు పందెంలోనూ దిగుతాం."

"రెండు సైకిళ్లు తెప్పించమంటారా, ప్రభూ?" అన్నాడు దివాను.

"ఒక్కటే. ఇంట్లో గ్రామఫోన్లు మూడున్నాయి, మాకున్న చెవులు రెండేనని రాణీగారు గుర్తు చేశారు. రెండు పనులకీ పనికొచ్చేది ఒక్కటి ఎంచి శుక్రవారానికి తెండి."

గుర్రాలకీ బగ్గీలకీ అధికారి శరభారావు ముందుకొచ్చాడు. ఆయన జన్మలో సైకిలెక్కలేదు. అందుకే సైకిళ్ల గురించి ఆయనకి ఏ అనుమానాలూ లేవు.

"ఇందులో ఎంచడానికేముంది ప్రభూ? పందెం గెలిచే సైకిలు కచేరీకి వెళ్లలేదా?"

గుమ్మం దగ్గర తపాలా సంచీతో నిలబడ్డ బిళ్ల బంట్రోతు నూకయ్య నోరు ఊరుకోలేదు. ఇరవై రెండేళ్లుగా అతను కోటకీ కచేరీకీ మధ్య రోజుకి నాలుగుసార్లు సైకిలు తొక్కుతున్నాడు.

"సైకిలు వెళుతుంది బాబూ. పైనున్న మనిషి కూడా వెళ్లాలి గదా."

సభ నవ్వింది. శరభారావు నవ్వలేదు.

"టైర్లకి గాలి కొట్టుకునేవాడు నాకు చెప్పొచ్చాడా! ప్రభూ, వీణ్ణీ ఒకటి ఎంచి తెమ్మనండి. అది తమకి నచ్చకపోతే ఆ బిళ్ల ఊడదీసి ఇంటికి పంపండి."

రాజావారికి సరదా పుట్టింది. "సరే" అనేశారు. ఆ బిళ్ల మీద నూకయ్య ఇంట్లో ఏడుగురు అన్నం తింటున్నారు. సరదా పడేవాళ్లకి అలాంటి సంగతులు ఎప్పుడు కనపడ్డాయి గనక!

శుక్రవారం కోట ముంగిట్లోకి రెండు సైకిళ్లు వచ్చాయి.

శరభారావుది ఓడ దిగిన సీమ సరుకు. వేలంత సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి తిరిగిన హ్యాండిలు. మడ్‌గార్డు లేదు, బెల్లు లేదు. స్టాండు కూడా లేదు కనక ఇద్దరు నౌకర్లు దాన్ని రాజకుమారిని పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డారు.

నూకయ్యది నల్ల సైకిలు. ఒళ్లు తేలికే, టైర్లు మాత్రం కాస్త లావు. పైకి లేచిన హ్యాండిలు, ముందూ వెనకా మడ్‌గార్డులు, ఒక క్యారియరు, ఒక స్టాండు.

"ఇది పందేనికా, పాలబిందెలకా?" అన్నాడు శరభారావు. జనం పగలబడి నవ్వారు.

నూకయ్య వాదానికి దిగలేదు.

"ముందు అయ్యగారి సైకిలే ఎక్కండి ప్రభూ. తమరు కచేరీకి బయల్దేరే తీరు మేమూ చూస్తాం," అంటూ వెళ్లి, సరిగ్గా ముందు చక్రం ఎదట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రాజావారు ఎక్కారు. హ్యాండిలు అందుకోవడానికి వంగారు. అందలేదు. ఇంకా వంగారు. తలపాగా కుచ్చు నూకయ్య బొడ్డు దాకా వచ్చింది.

"ప్రభువు నాకు తల వంచారు! కోరిక అడగొచ్చా?" అని కేకేశాడు నూకయ్య.

దివాను గతుక్కుమన్నాడు. జీలుగువలసలో ఒక ఆచారం ఉంది. రాజు ఇలవేల్పుకి తప్ప ఎవరికీ తల వంచకూడదు. పొరపాటున వంచితే, ఎదటివాడు అడిగింది ఒకటి అక్కడికక్కడే ఇచ్చి తీరాలి. ఏ తరంలోనూ ఏ రాజూ ఆ పొరపాటు చెయ్యలేదు. నిటారుగా నిలబడటం తప్ప వాళ్లకి వేరే పనేముంది?

"అది తల వంచడం కాదు, సైకిలు తొక్కడం!" అని అరిచాడు శరభారావు.

"ఆ తేడా బజారుకి తమరు చెప్పొస్తారా బాబూ? దారిలో తమలపాకుల అంగళ్లున్నాయి, సోడా కొట్టుంది, మంగలి పాకుంది, చేపల గంపలున్నాయి. రాజుగారొస్తే అంతా లేచి నిలబడతారు. ప్రభువు ఒక్కొక్కరికీ తల వంచుతూ పోతారు. తలా ఒక కోరిక! ఇక్కడ రాజుగా బయల్దేరతారు. కచేరీ చేరేసరికి..."

"చేరేసరికి?" అన్నారు రాజావారు, ఇంకా వంగే ఉండి.

"నాకు తోటి బంట్రోతు అవుతారు, ప్రభూ."

రాజావారు చటుక్కున నిటారయ్యారు. ఈసారి జనం నవ్వింది శరభారావుని చూసి.

ఆయన వదల్లేదు. "మరి పందెం మాటేమిటి? నీ పాలబండి మీద నిటారుగా కూర్చుంటే ఎదురుగాలే ఓడించేస్తుంది!"

నూకయ్య సంచీలోంచి స్పానరు తీశాడు. మడ్‌గార్డులు, క్యారియరు, స్టాండు ఒక్కొక్కటే విప్పి దివాను చేతుల్లో పెట్టాడు. బోల్టు వదులు చేసి, హ్యాండిలు తలకిందులుగా తిప్పి, మళ్లీ బిగించాడు. దివాను చేతులు నిండేసరికి పాలబండి పందెం సైకిలైంది. స్టాండు లేదు కనక నూకయ్య దాన్ని శరభారావుకే ఆనించాడు.

"దసరాకి ఇలా. మర్నాటినుంచి మళ్లీ అలా," అన్నాడు.

"ఇప్పుడు దీని మీదా వంగాలిగా? పందెంలో అది తల వంచడం కాదేం?"

"ముందున్నవాడికి ఎదట ఎవరుంటారు బాబూ, తల వంచడానికి?"

"వెనకబడితేనో?"

"వెనకబడ్డాక ఏ సైకిలైనా తల వంచక తప్పదు."

రాజావారు కడుపు పట్టుకుని నవ్వారు. భుజం మీది జరీ కండువా తీసి నూకయ్య మెడలో వేశారు.

"నీ బిళ్ల నీదే, నీ సైకిలు మాది. ఇక ఆచారం ప్రకారం ఒక కోరిక అడుగు."

"నాకేం వద్దు ప్రభూ. ఆ సీమ సైకిలు శరభారావుగారికి ఇప్పించండి. ఈ వానాకాలమంతా కచేరీకి దాని మీదే రమ్మనండి."

కోట ముంగిలి దద్దరిల్లింది. మడ్‌గార్డు లేని సైకిలు తెల్ల లాల్చీ వీపు మీద ఏం రాస్తుందో అక్కడ తెలియనిది శరభారావొక్కడికే.

పందెం ఏడాదికి ఒక్కరోజు. కచేరీ రోజూ ఉంటుంది. మీరు నవ్వింది చాలు గానీ, ఆ ఒక్కరోజు కోసం కొని మిగతా రోజులన్నీ నడుం వంచుకుని మోస్తున్నవి మీ ఇంట్లో ఎన్నున్నాయి?